ఎలెన్ టెర్రీ, బెర్నార్డ్ షా ‘ఎప్పుడూ కలుసుకోలేదు’ అన్నమాట నిజం కాదు

ఈమధ్య ఒక పోస్టు గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఒక అందమైన అమ్మాయి పాతకాలపు ఫొటో, కింద నాలుగు వాక్యాలు. ‘విక్టోరియా కాలపు మహానటి ఎలెన్ టెర్రీ, రచయిత బెర్నార్డ్ షా పాతికేళ్ళపాటు ప్రేమలేఖలు రాసుకున్నారు. ఒక్కసారి కూడా కలుసుకోలేదు. ఆమె పోయాక షా ఆ ఉత్తరాలను డబ్బు కోసం అచ్చేయించాడు. ఇదీ అసలైన ప్రేమ, ఇదీ అసలైన ద్రోహం.’ చదివినవాళ్ళు కళ్ళనీళ్ళ బొమ్మలు పెడుతున్నారు. నాకు మాత్రం బాధేసింది. ఎందుకంటే ఆ ఉత్తరాలు నాకు ఇష్టం, ఈ కథలో వాటి జాడే లేదు.

ముందు ఆ ఫొటో సంగతి. అది జూలియా మార్గరెట్ కామెరాన్ 1864లో తీసినది. ఎలెన్‌కి అప్పుడు దాదాపు పదిహేడేళ్ళు. చిత్రకారుడు వాట్స్‌తో కొత్తగా పెళ్ళయింది, అతనికి నలభయ్యారు. ఆ పెళ్ళి ఏడాదైనా నిలవలేదు. షా అప్పటికి డబ్లిన్‌లో ఏడెనిమిదేళ్ళ పిల్లాడు. వాళ్ళ మధ్య ఉత్తరాలు మొదలయ్యేసరికి ఎలెన్‌కి నలభై అయిదు దాటాయి, ఇద్దరు పిల్లలు ఎదిగొచ్చారు, లండన్‌లోని లైసియం థియేటర్‌లో, దాన్ని నడిపే నటుడు హెన్రీ ఇర్వింగ్ సరసన పద్నాలుగేళ్ళుగా నాయిక వేషాలు వేస్తోంది. ఉత్తరాలు రాసింది ఈ ఎలెన్. ఫొటోలోని ఆ చిన్నపిల్ల కాదు.

‘ఎప్పుడూ కలుసుకోలేదు’ అన్న మాటకొద్దాం. కలుసుకున్నారు. 1900 డిసెంబర్ 16న లండన్‌లో స్టేజ్ సొసైటీ వాళ్ళు షా రాసిన ‘కాప్టెన్ బ్రాస్‌బౌండ్స్ కన్వర్షన్’ నాటకం వేశారు. చూడ్డానికి ఎలెన్ వచ్చింది. వాళ్ళిద్దరూ ముఖాముఖి పలకరించుకున్నది ఆ రోజే. అంతకుముందు కూడా షా ఆమెను చూడకుండా ఏమీ లేడు. నాటక విమర్శకుడు కదా, ఎన్నోసార్లు హాల్లో కూర్చుని స్టేజీ మీద చూశాడు. కలుసుకోకుండా ఉత్తరాలు నడిపిన మాట నిజమే, కానీ అది మొదటి ఎనిమిదేళ్ళ ముచ్చట.

ఆ ఎనిమిదేళ్ళలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. 1896 సెప్టెంబర్‌లో షా ఏదో నాటకం మాట్లాడుకోవడానికి లైసియంలో ఇర్వింగ్ గదికి వెళ్ళాడు. ఎలెన్ కూడా అక్కడికే బయల్దేరింది. గుమ్మం దాకా వచ్చింది, లోపల్నుంచి షా గొంతు వినిపించింది. అంతే, లోపలికి అడుగు పెట్టలేక నవ్వుకుంటూ ఇంటికి పరిగెత్తింది. లోపలికొస్తే నీ మెడ చుట్టూ చేతులేసి వాటేసుకునేదాన్నేమో అని తర్వాత ఆమే షాకి రాసింది. యాభైకి చేరువైన స్త్రీ, దేశమంతా తెలిసిన నటి, గుమ్మం దగ్గర పసిపిల్లలా ఆగిపోయిన ఆ క్షణం చూడండి. కలవకపోవడం విధిరాత కాదు. వాళ్ళిద్దరూ కావాలని ఆడుకున్న ఆట.

‘ప్రేమలేఖలు’ అన్నదానితో నాకు అన్నిటికన్నా ఎక్కువ పేచీ. సరసం ఉంది, కాదనను. బోలెడుంది. కానీ మొదలైంది ప్రేమతో కాదు. 1892లో తనకు తెలిసిన ఒక యువ గాయని పాట ఎలా ఉందో చెప్పమని ‘ద వరల్డ్’ పత్రిక సంపాదకుడికి ఎలెన్ ఉత్తరం రాసింది. అప్పట్లో అక్కడ సంగీత విమర్శకుడు షా. అతను మొహమాటం లేకుండా జవాబిచ్చాడు. ఆ అమ్మాయి భవిష్యత్తు మీద వాదనతో పుట్టిన స్నేహం ఇది.

ఆ తర్వాత కూడా ఉత్తరాల నిండా పనే. 1896లో లైసియంలో షేక్‌స్పియర్ ‘సింబెలీన్’ వేస్తున్నారు, ఎలెన్‌ది ఇమొజెన్ పాత్ర. అందులో ఇమొజెన్ నిద్రలేచేసరికి పక్కన తల లేని శవం ఉంటుంది, అది తన భర్తదే అనుకుంటుంది. ఎవరికైనా టెన్షన్ పుట్టించే సీను. షా దాన్ని వాక్యం వాక్యం విడదీసి రాశాడు: ముందు గుండెల మీద పూలు కనబడాలి, వాటిని హాయిగా చేతిలోకి తీసుకోవాలి, అప్పుడు వాటికంటిన రక్తం చూడాలి, భయం ఆ తర్వాతే. ముందే అంతా తెలిసిపోయినట్టు చేస్తే సీను చచ్చిపోతుంది. రిహార్సల్స్ చేస్తున్న నటికి విమర్శకుడు ఇలా కూర్చుని పాఠం విప్పి చెప్పడం ఎంత అపురూపం! ఎలెన్ కూడా తలూపి ఊరుకునే మనిషి కాదు, తన పాత్ర గురించి తాను ఆలోచించుకున్నది తిరిగి రాసేది. వీటిని ‘ప్రేమలేఖలు’ అని ఒక్క ముక్కలో కట్టేస్తే మొదట మాయమయ్యేది ఆమె బుర్రే.

ఇంకా ఉంది. ఇర్వింగ్ చేత తన ‘ద మాన్ ఆఫ్ డెస్టినీ’ వేయించాలని షా తంటాలు పడ్డాడు. మరోవైపు పత్రికలో ఇర్వింగ్‌ను ఏకిపారేసేవాడు. 1896 చివర్లో ఇర్వింగ్ వేసిన ‘రిచర్డ్ ది థర్డ్’ మీద రాసిన సమీక్షతో వ్యవహారం చెడింది, షా నాటకం వేయనని ఇర్వింగ్ చెప్పేశాడు. వీళ్ళిద్దరి మధ్యా నలిగింది ఎలెన్. షాకి కాబోయే భార్య షార్లెట్ ప్రస్తావన కూడా ఈ ఉత్తరాల్లో వస్తుంది. పెళ్ళాడమంటావా అని అతను అడిగింది ఎలెన్‌నే. 1898లో పెళ్ళయింది. ఉత్తరాలు ఆగలేదు.

ఎలెన్ కోసమని షా బ్రాస్‌బౌండ్ నాటకం రాసి 1899లో పంపాడు. ఇది నాకు సరిపడే నాటకం కాదని ఆమె మొహం మీదే రాసేసింది. షా నొచ్చుకున్నాడు. ప్రేమలో మునిగిపోయిన మనిషి రాసే జవాబా అది? తన వృత్తి తనకు తెలిసిన మనిషి జవాబు. చివరికి 1906లో కోర్ట్ థియేటర్‌లో అదే నాటకంలో, తనకోసం రాసిన ఆ పాత్రే వేసింది. అప్పటికి ఆమె స్టేజీ ఎక్కి యాభై ఏళ్ళు, డైలాగులు గుర్తుపెట్టుకోవడం కష్టమయ్యేది. రిహార్సల్స్‌లో షా ఎదురుగానే ఉండేవాడు. ‘ఎప్పుడూ కలుసుకోలేదు’ అనేవాళ్ళు ఆ రిహార్సల్స్‌ని ఎక్కడ పెడతారు? ఆ నాటకంలోనే వేషం వేసిన జేమ్స్ కారూ అనే అమెరికన్ నటుణ్ణి మరుసటి ఏడాది ఎలెన్ పెళ్ళి చేసుకుంది కూడా.

పాతికేళ్ళ లెక్క గురించి ఒక్క మాట చాలు. ఉత్తరాలు 1892లో మొదలై 1920ల దాకా వెళ్ళిన మాట నిజమే, కానీ చిక్కగా నడిచింది 1895 నుంచి 1900 దాకానే.

ఇక ద్రోహం సంగతి. ఎలెన్ 1928 జులైలో కెంట్‌లోని స్మాల్‌హైత్‌లో చనిపోయింది. ఉత్తరాలు 1931లో పుస్తకంగా వచ్చాయి. దాన్ని సిద్ధం చేసింది క్రిస్టఫర్ సెయింట్ జాన్. పేరు చూసి మగమనిషి అనుకోకండి, ఆమె ఎలెన్ కూతురు ఈడిత్ క్రెయిగ్‌తో కలిసి బతికిన రచయిత్రి. బ్రిటిష్ చట్టం ప్రకారం ఉత్తరం కాగితం అందుకున్నవాళ్ళది, అందులోని రాత మీద హక్కు రాసినవాళ్ళది. ఎలెన్ రాసిన మాటలను ఆమె వారసుల అనుమతి లేకుండా షా ఒక్కడే అచ్చేయించలేడు. కూతురు వేయాలంది. కొడుకు గోర్డన్ క్రెయిగ్‌కి అది బొత్తిగా ఇష్టం లేదు, అమ్మ గురించి తనూ వేరే పుస్తకం రాసి షా మీద విరుచుకుపడ్డాడు. అది అన్నాచెల్లెళ్ళు, అక్కాతమ్ముళ్ళు ఉన్న ఏ ఇంట్లోనైనా వచ్చే గొడవే, అమ్మ జ్ఞాపకం ఎవరిదన్న గొడవ. అందులో కొడుకు బాధ నిజమైనదే. దాన్ని షా డబ్బాశగా కుదించడం మాత్రం అన్యాయం.

‘ఎప్పుడూ కలుసుకోలేదు’ అన్న మాట ఎక్కడ పుట్టిందో కూడా ఊహించగలను. పుస్తకం ముందుమాటలో షా ఇదంతా కాగితం మీద నడిచిన వ్యవహారమేనని, కాగితాన్ని చిన్నచూపు చూడొద్దని రాశాడు. ‘కాగితం మీద’ అన్నది చేతులు మారుతూ ‘అసలు కలవనే లేదు’ అయి ఉంటుంది.

ఆ పోస్టు మీ గ్రూపులోకి వస్తే, కనీసం 1900 డిసెంబర్ 16 అన్న తేదీ దాని కింద రాయండి. వీలైతే ఇమొజెన్ చేతిలోని ఆ పూల గురించి కూడా.