డ్రిప్ పైపులు అమ్ముకుంటున్నారట!

వారం రోజులుగా ఒకే మెసేజ్ నాకు నాలుగు చోట్ల నుంచి వచ్చింది. "నీటి పొదుపు పేరుతో రైతులకు డ్రిప్ ఫ్రీగా ఇస్తున్నారు, సబ్సిడీ డబ్బు వాళ్ల ఖాతాల్లో పడుతోంది, పైపులేమో అమ్ముకుంటున్నారు, చుక్క నీరు మిగల్లేదు, మన పన్నులన్నీ బూడిదలో పోసిన పన్నీరు" అని. కింద సాక్ష్యంగా గట్టు మీద నల్ల పైపుల చుట్టల ఫొటో ఒకటి.

ముందు ఫ్రీ సంగతి. డ్రిప్ అంటే పైపుల్లోంచి మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీళ్లు పెట్టడం. దానికి కేంద్రం ఇచ్చే సబ్సిడీ సన్న, చిన్నకారు రైతులకు 55 శాతం, మిగతా వాళ్లకు 45 శాతం, అదీ 5 హెక్టార్ల వరకే. దాని మీద రాష్ట్రాలు కలుపుతాయి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు 100, బీసీలకు, చిన్న రైతులకు 90, మిగతా వాళ్లకు 80. అంటే కొందరికి నిజంగానే ఫ్రీ, కాదనను. కానీ ఆ శాతం ప్రభుత్వం నిర్ణయించిన రేటు మీదే. బోరు, మోటారు ఖర్చు ఎవరిది? రైతుదే.

ఖాతాల్లో పడుతోందన్నది మన రెండు తెలుగు రాష్ట్రాల్లో శుద్ధ అబద్ధం. రైతు తన వాటా ఏదైనా ఉంటే ముందు కడతాడు, కంపెనీ వచ్చి పైపులు బిగిస్తుంది, అధికారులు చూసి ఫొటోలు తీసుకున్నాక సబ్సిడీ కంపెనీకి వెళ్తుంది. ఆంధ్రాలో 2019 తర్వాత బకాయిలు పేరుకుపోయి డ్రిప్ పథకం ఆగిపోయినప్పుడు ప్రభుత్వం చుట్టూ తిరిగింది కంపెనీలే. డబ్బు రైతుకే పడేదైతే వాళ్లకెందుకా టెన్షన్?

ఇక ఆ ఫొటో. టమాటా పీకేశాక దున్నాలంటే లేటరల్ పైపులు (మొక్కల వరసల వెంట పరిచే సన్న పైపులు) చుట్టి గట్టున పెట్టక ఏం చేస్తారు? అమ్ముకునేవాళ్లు అసలు లేరనను, ఉన్నారు. కానీ తుక్కు బండిలో మీకు కనబడేవి చాలావరకు ఉడతలు కొరికినవి, ఉప్పు పేరుకుని యాసిడ్ పట్టించినా చుక్క రాలనివి.

చివరికి నీళ్ల మాట. ఇక్కడ మెసేజ్ సగం కరెక్టే, కారణమే తప్పు. అనంతపురం వైపు మాకు చీనీ (బత్తాయి) తోట ఉంది. అప్పట్లో రాత్రి కరెంటు వస్తే నాన్న టార్చిలైటు పట్టుకుని పాదులకు కాలువ మళ్లించేవాడు, చివరి వరసకు చేరేలోపే సగం నీళ్లు కాలువ మట్టే తాగేసేది. డ్రిప్ వేశాక అదే బోరు నీళ్లు తోటంతా పారి ఇంకా మిగిలాయి. మిగిలితే ఏం చేశాడు? పక్కన ఇంకో రెండెకరాలు పెట్టాడు! నేనైనా అదే చేసేవాణ్ని. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం, కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆన్ అయ్యే ఆటో స్టార్టర్ పెడితే కరెంటున్నంతసేపూ మోటారు తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి భూమిలో నీటిమట్టం పెరగలేదు, పంట మాత్రం పెరిగింది. ఈ పథకానికి కేంద్రం పెట్టిన పేరు కూడా 'పర్ డ్రాప్ మోర్ క్రాప్', అంటే ప్రతి చుక్కకూ ఎక్కువ పంట, నీళ్లు భూమిలోనే ఉంచుతామని ఆ పేరులో ఎక్కడా లేదు.

భూగర్భ జలం గురించే బాధైతే అడగాల్సింది పైపుల్ని కాదు, బోర్లని. 2002లోనే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) వచ్చింది, బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాలి. మా ఊళ్లో బోరు వేసే రిగ్ బండి వచ్చినప్పుడల్లా ఆ కాగితం ఎవరూ అడగగా నేను చూడలేదు. సబ్సిడీ ఆపేస్తే ఆ రిగ్ బండి ఆగదు, నాన్న మళ్లీ టార్చిలైటు వెతుక్కుంటాడు.