ఆటల పీరియడ్ పిల్లలకే దక్కాలి

దేశీయ ఆటలు 75 ఎంచి బడుల్లోకి తీసుకురావాలని కేంద్ర విద్యాశాఖ 2022లో 'భారతీయ ఖేల్' కార్యక్రమం చేపట్టింది. ఉద్దేశం మంచిదే. అయితే ఏడుపెంకులాటను సైతం పిల్లలకు ఎవరో వచ్చి నేర్పవలసిన స్థితి ఎందుకు దాపురించిందో ముందు ఆలోచించాలి. ఆడుకునే చోటూ, పొద్దూ రెండూ పిల్లల చేజారాయి. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలన్న 2009 విద్యాహక్కు చట్టం అది ఎంత ఉండాలో చెప్పలేదు. బస్సులు నిలిపే జాగాను ఆటస్థలంగా చూపడానికి ఆ వెసులుబాటు చాలు. మైదానం ఉన్నచోట కూడా పదో తరగతికి వచ్చేసరికి ఆటల పీరియడ్ లెక్కల మాస్టారికి దఖలు పడుతుంది.

కబడ్డీ 1990లో ఆసియా క్రీడల్లో పతకాల ఆటగా చేరింది. 2025లో జరిగిన తొలి ఖోఖో ప్రపంచ కప్‌ను మన పురుషుల, మహిళల జట్లు రెండూ గెలిచాయి. గర్వించదగ్గ విషయాలే కానీ, పోటీల ఆట ఎంపికైన డజను మందిది. తరగతిలో మిగతావారికి దక్కేది చప్పట్లు కొట్టే పని. పంటలు వేసి దొంగను తేల్చుకోవడం, ఔటో కాదో దెబ్బలాడుకుని తామే తీర్పు చెప్పుకోవడం, అక్క వెంట వచ్చిన నాలుగేళ్ల తమ్ముణ్ని పొమ్మనకుండా ఆటలో అరటిపండుగా కలుపుకొని, దొరికినా దొంగ పెట్టకుండా వదిలేయడం వీధి పిల్లలు సొంతంగా చేసుకున్న ఏర్పాట్లు. ఏ క్రీడాసంఘం నిబంధనల్లోనూ ఇంత ఔదార్యం కనిపించదు.

అలాగని పాతదంతా మేలని మేమనం. బిళ్లంగోడులో, తెలంగాణ పల్లెల చిర్రగోనెలో ఎగిరే బిళ్ల కంటికి తగిలే ప్రమాదం నిజమే. కులం చూసి కొందరిని ఆటకు దూరంగా ఉంచడం, ఈడొచ్చిందంటూ ఆడపిల్లలను ఇంట్లో కూర్చోబెట్టడం అంతకన్నా పెద్ద గాయాలు. అందరూ ఒకే జట్టులో పరుగెత్తగల చోటు ఊళ్లో ఏదైనా ఉందంటే అది బడి ఆవరణే.

ఆటల పీరియడ్‌ను మరే సబ్జెక్టుకూ మళ్లించరాదని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ఆదేశించి, అమలును తనిఖీ చేయాలి. ఆ సమయంలో వ్యాయామ ఉపాధ్యాయుడు దెబ్బలు తగలకుండా కనిపెట్టుకుని ఉంటే చాలు, ఆటను పిల్లలకే వదిలేయవచ్చు. సాయంత్రాలు ప్రభుత్వ బడుల మైదానాలను చుట్టుపక్కల పిల్లలకు తెరిచి ఉంచాలి. ప్రైవేటు బడుల గుర్తింపును పునరుద్ధరించే ముందు అధికారులు కాగితాలతో సరిపెట్టుకోకుండా ఆటస్థలాన్ని స్వయంగా వెళ్లి కొలవాలి.