కైకాల పేరు ఆ జాబితాలో ఎందుకు లేదు?

గోవాలో 2022 నవంబరు 28న భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం ముగింపు సభలో చిరంజీవి ‘ఇండియన్ ఫిల్మ్ పర్సనాలిటీ ఆఫ్ ది ఇయర్’ పురస్కారం అందుకున్నప్పుడు తెలుగువాళ్లు సంబరపడ్డారు. పడాల్సిందే. ‘రుద్రవీణ’కు జాతీయ అవార్డు తీసుకోవడానికి ఢిల్లీ వెళ్లినప్పటి ముచ్చట ఆ ఏడాదే ఆయన ఒక సభలో చెప్పారు. తేనీటి విందు ఇచ్చిన హాలు గోడలకు భారతీయ సినిమా చరిత్ర అంటూ హిందీ తారల ఫొటోలు వరసగా పెట్టారట. దక్షిణాది వంతుకు వచ్చినవి ఎంజీఆర్, జయలలిత కలిసి ఉన్న ఒక స్టిల్, ప్రేమ్ నజీర్ ఫొటో మాత్రమే. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఎక్కడా లేరు. ఆ అవమానం గోవాలో కొంతైనా తీరింది.

సరిగ్గా నెల తిరగకముందే, డిసెంబరు 23న, కైకాల సత్యనారాయణ 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు. తొలిరోజుల్లో ఎన్టీఆర్‌కు డూప్‌గా నిలబడిన మనిషి 750కి పైగా సినిమాలు చేశారు. విలనీ, తండ్రి పాత్రలు, పౌరాణికాలు, ‘యమగోల’ నుంచి ‘యమలీల’ దాకా యముడి వేషం... ఏది ఇచ్చినా ఆయనది కాదనిపించలేదు. గోవా నుంచి పిలుపు రాలేదు, పద్మ పురస్కారమూ రాలేదు.

ఇది ఒక్కరి సంగతి కాదు. 2013లో వహీదా రెహమాన్‌తో మొదలైన ఈ గోవా గౌరవం రజనీకాంత్, అమితాబ్, హేమమాలిని వంటి వారికి దక్కింది. ఇళయరాజా, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, రచయిత సలీం ఖాన్‌లనూ గుర్తించారు, సంతోషం. నటుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం హీరోలు, హీరోయిన్లే కనిపిస్తున్నారు. సినిమాను భుజాన మోసిన క్యారెక్టర్ ఆర్టిస్టులను ఎవరు తలుచుకోవాలి? ‘నర్తనశాల’ కీచకుడికి జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవం ఉత్తమ నటుడి బహుమతి ఇచ్చింది. ఆ ఎస్వీ రంగారావు 56 ఏళ్లకే, 1974లో, పద్మశ్రీ కూడా లేకుండానే వెళ్లిపోయారు.

స్పెయిన్‌లోని శాన్ సెబాస్టియన్ చిత్రోత్సవం 1986 నుంచి డొనోస్టియా పేరిట గౌరవ పురస్కారం ఇస్తోంది. 1989 సెప్టెంబరులో జబ్బుతో చిక్కిపోయిన హాలీవుడ్ నటి బెటీ డేవిస్ వచ్చి అందుకున్నారు. అక్టోబరు 6న ఫ్రాన్స్‌లో చనిపోయారు. ఆఖరి ఘడియలోనైనా ఆ చప్పట్లు ఆమె చెవిన పడ్డాయి. మాక్స్ వాన్ సిడో, ఇయాన్ మెకెల్లన్ లాంటి నటులకూ అక్కడ అదే గౌరవం.

మరో సంగతి. శాలువా, జ్ఞాపిక, రెండు నిమిషాల ప్రసంగంతో నటుడికి దక్కేది తక్కువ. 2024లో అక్కినేని శతజయంతికి గోవాలో పునరుద్ధరించిన ‘దేవదాసు’ను వేశారు. మెచ్చుకోదగ్గ పని. ఆ తెర మీద సావిత్రీ ఉన్నారు, జమీందారు తండ్రిగా ఎస్వీఆరూ ఉన్నారు. గౌరవం అందుకునే ప్రతి నటుడికీ అలా మూడు నాలుగు సినిమాలు మంచి ప్రింట్లతో వేసి, ప్రేక్షకులతో ముఖాముఖి పెట్టాలి.

వెయ్యికి పైగా సినిమాల్లో నటించిన బ్రహ్మానందం మన మధ్యే ఉన్నారు. కేంద్ర సమాచార ప్రసార శాఖ, జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) ఈసారి ఆయన పేరు పరిశీలించాలి. ఆ మాట గట్టిగా అడగాల్సింది రెండు తెలుగు ప్రభుత్వాలు, ఫిల్మ్ చాంబర్.