ముప్ఫై ఒకటో అంతస్తులో విల్లా

పోయిన ఆదివారం పేపర్లోంచి నున్నటి రంగుల కాగితం ఒకటి జారి మా అమ్మ ఒళ్లో పడింది. పేపరు కంటే అదే బరువుగా ఉంది. 'అల్ట్రా లగ్జరీ స్కై విల్లాలు' అట. ముప్ఫై ఒకటో అంతస్తులో. విల్లా అంటే నేల మీద, చుట్టూ కాస్త ఖాళీ జాగాతో ఉండే ఇల్లని ఇన్నాళ్లూ నమ్మిన మూఢుణ్ణి నేను. నేల లేకపోవడమే దాని విశేషమని ఇప్పుడు తెలిసింది. రేపు ఎండిపోయిన బావిని 'వెల్‌నెస్ జోన్' అని అమ్మినా కొనడానికి మనం సిద్ధం.

ఇల్లు అమ్మడానికి తెలుగు పనికిరాదని నేనూ ఒప్పుకుంటాను. తెలుగు మాట నోరు మూసుకుని ఊరుకోదు, గుట్టంతా బయటపెట్టేస్తుంది. అరుగు అన్నారంటే దారినపోయేవాడు వచ్చి కూర్చోవాలి. పెరడు అన్నారంటే కనీసం ఒక కరివేపాకు చెట్టయినా పట్టాలి. మండువా అన్నారంటే ఇంటి నడుమ వాన పడాలి. ఇన్ని షరతులు పెడితే బిల్డరు ఏం తిని బతుకుతాడు? అదే 'సిట్‌అవుట్' అనండి. ఒక కుర్చీ, ఒక బట్టలారేసుకునే స్టాండు పడితే చాలు. ఇంకో అద్భుతం రెండున్నర బీహెచ్‌కే. ఆ అర గదిలో ఏ అర మనిషి పడుకుంటాడో అడిగినవాడు లేడు.

చదరపు అడుగుల దగ్గర ఇంగ్లీషు తన అసలు ప్రతిభ చూపిస్తుంది. కార్పెట్ ఏరియా అంటే ఏమిటో, ఇళ్లు కట్టి అమ్మేవాళ్లను అదుపులో పెట్టే 2016 నాటి రెరా చట్టం విడమరిచి చెప్పింది. లోపలి అడ్డుగోడలు కలుస్తాయి, బయటి గోడలూ బాల్కనీ కలవవు. అంటే నికరంగా మనం తిరిగే జాగా. దాని పైన బిల్టప్, ఆ పైన సూపర్ బిల్టప్. మేం చూసిన ఫ్లాటు 1,985 అడుగులు, అందులో కార్పెట్ 1,340. తక్కిన 645 అడుగుల్లో గోడల మందం, బాల్కనీ, మెట్లలో వాటా, లిఫ్టులో వాటా, నేను జన్మలో అడుగుపెట్టని జిమ్ములో వాటా ఉన్నాయి. రేటు కట్టింది మాత్రం మొత్తం 1,985కీ. కార్పెట్ సంగతి చట్టానికి భయపడి కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు.

అవును, చూడ్డానికి వెళ్లాం. అమ్మకు ఆకాశంలో విల్లా చూడాలనిపించింది. శాంపిల్ ఫ్లాటు చూపించిన కుర్రాడు చక్కని తెలుగువాడే. ఫోనులో వాళ్ల అమ్మతో "తిన్ననే, నువ్వు తిన్నవా?" అని మాట్లాడి, మా వైపు తిరగ్గానే ఇంగ్లీషు తొడుక్కున్నాడు.

"దిస్ ఈజ్ యువర్ ఫోయర్, ఆంటీ."

"చెప్పులు విడిచే చోటా బాబూ?"

"ఎస్ ఆంటీ. అండ్ దిస్ ఈజ్ ద మాస్టర్ బెడ్‌రూమ్."

మా నాన్న ముప్ఫై ఏళ్లు బడిపంతులు. ఊరంతా మాస్టారనే పిలిచేది. అమ్మ ఒక్క క్షణం ఆగి, "మాస్టారికి వేరే గది కట్టారటరా, చూసుకోవడానికి మనిషే లేడు" అంది. కుర్రాడికి అర్థం కాలేదు, నవ్వాడు. తర్వాత పౌడర్ రూమ్. అమ్మ తలుపు తీసి చూసి, "ఇది దొడ్డికెళ్లే గది కదూ" అంది. ఆ మాట వినగానే వాడు వెనకెవరైనా కొనేవాళ్లున్నారేమోనని కంగారుగా చూసుకున్నాడు. కింద తోటలో రిఫ్లెక్సాలజీ పాత్ ఉందట. గులకరాళ్ల మీద వట్టి కాళ్లతో నడిస్తే ఆరోగ్యం. "మా ఊరి రోడ్డంతా అదే నాయనా, పైసా తీసుకోరు" అంది అమ్మ. సీనియర్ సిటిజన్స్ కార్నర్ అంటే రచ్చబండ, కాకపోతే రాత్రి తొమ్మిదికి మూసేస్తారు. లేక్ వ్యూ సంగతి నేనడగలేదు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో ఎన్ని చెరువులు ఇళ్లలోకొచ్చి తమ పాత జాగా చూసుకుపోయాయో అందరం చూశాం.

వంటింటి వెనక, వాషింగ్ మెషీన్ పక్కన ఒక తలుపుంది. దాని మీద పేరు లేదు. ప్లానులో మాత్రం 'మెయిడ్' అని ఉంది. ఆరడుగులు బై అయిదడుగులు. కిటికీ లేదు.

"ఇందులో మనిషి కాళ్లు చాపుకుని ఎలా పడుకుంటుంది బాబూ?"

"మెయిడ్ కదా, ఆంటీ."

వాడి తప్పు కాదు, వాడికి అలా నేర్పారు. లిఫ్టు దగ్గర ఇంకో బోర్డు చూశాను. పనివాళ్లు, డెలివరీ వాళ్లు, పెంపుడు జంతువులు సర్వీస్ లిఫ్ట్ వాడాలట. అదే వరసలో. మన అంట్లు తోమే చేతులు, మన పిల్లకు అన్నం కలిపి పెట్టే చేతులు, మన లిఫ్టు మీట నొక్కితే మైలపడుతుందా? మన పాత ఇళ్లేమీ పుణ్యాత్ముల ఇళ్లు కావు. ఎవరు గడప దాటొచ్చో, ఎవరు దొడ్డిదారిన రావాలో, ఎవరికి దోసిట్లో పైనుంచి నీళ్లు పొయ్యాలో గీతలు గీసుకుని బతికిన ఇళ్లే. కనీసం ఆ గీతను తిట్టుకోవడానికి మనకో మాట ఉండేది, అంటరానితనం అని. ఇప్పుడు దాన్నే సర్వీస్ లిఫ్ట్ అంటున్నాం, సిగ్గు లేకుండా చదరపు అడుగు లెక్కన డబ్బు కట్టి కొనుక్కుంటున్నాం. ఆరడుగులకు అయిదడుగుల గదికి కిటికీ పెట్టే డబ్బు లేనివాడు గుమ్మంలో ఇటలీ పాలరాయి ఎందుకు పరిచాడు?

అమ్మ నా చెయ్యి పట్టుకుని, "పదరా, కళ్లు తిరుగుతున్నాయి" అంది. ఎత్తు వల్లేననుకున్నాను.

పోయే ముందు బాల్కనీలోంచి, క్షమించాలి, స్కై డెక్‌లోంచి కిందికి చూసింది. ప్రహరీ అవతల బురదలో బారుగా ఏవో మెరుస్తున్నాయి. తీగ మీద చీరలు, చిన్నపిల్లల చొక్కాలు ఆరేసి ఉన్నాయి.

"అవేమిటి బాబూ?"

కుర్రాడు చేతిలో కాగితం తిప్పి చూశాడు. అందులో ఆ మూల పచ్చగా గడ్డి బొమ్మ వేసి ఉంది.

"ఇది కట్టేటోళ్ల రేకుల గుడిసెలు, అమ్మా" అన్నాడు.