తండ్రి లేని పిల్లల పెద్దదిక్కు, శ్రీ వార్డ్‌షిప్ గారికి

మహారాజశ్రీ వార్డ్‌షిప్ అనే సంరక్షణ చట్టం గారి సముఖమునకు,

మధ్యయుగపు ఇంగ్లండులో సైనికసేవ షరతు మీద రాజు దగ్గర భూములు పొందిన ప్రభువెవరైనా ఈడు రాని బిడ్డను వదిలి కన్నుమూస్తే, ఆ బిడ్డ ఆస్తినీ, ఆలనాపాలననూ, చివరికి పెళ్లి చేసే హక్కునూ తమరు స్వాధీనం చేసుకునేవారు. అంతటితో ఊరుకోక, వాటిని రాజుగారి ఇష్టులకు కానుకగా ఇవ్వడమో, రొక్కానికి అమ్మడమో చేసేవారు. తల్లి బతికే ఉందన్న సంగతి తమరి ఖాతాలో ఎక్కడా జమ కాలేదు.

1443లో పుట్టిన మార్గరెట్ బోఫోర్ట్ విషయంలో తమరి చురుకుదనం మెచ్చుకోదగినది. తండ్రి సోమర్సెట్ డ్యూక్ యుద్ధానికి ఫ్రాన్స్ వెళ్లే ముందే, తనకేమైనా అయితే పాప తల్లి చేతుల్లోనే ఉండేలా ఆరవ హెన్రీ రాజు నుంచి మాట తీసుకున్నారు. ఆయన 1444 మే నెలాఖరున పోయారు. వారం తిరక్కుండానే ఏడాది పాప మీద హక్కులన్నీ సఫోక్ ప్రభువు పేరిట రాసేశారు. పాప తల్లి ఇంట్లోనే పెరిగింది, పాప పెళ్లి మాత్రం సఫోక్ గారి భోషాణంలో భద్రంగా ఉంది. ఆయన దాన్ని బయటికి తీసి సొంత కొడుక్కే చేసుకున్నారు.

1453లో ఆ పెళ్లి రద్దయింది, ఎందుకంటే ఈసారి రాజుగారికి తన తల్లి కడుపున పుట్టిన తమ్ముడు ఎడ్మండ్ ట్యూడర్ గుర్తుకొచ్చాడు. తొమ్మిదేళ్ల మార్గరెట్ ఎవరిని ఎంచుకోవాలో తెలియక ప్రార్థిస్తే, సెయింట్ నికొలస్ బిషప్ వేషంలో కనిపించి ఎడ్మండ్‌నే చేసుకోమన్నారని ఆమె పోయాక బిషప్ జాన్ ఫిషర్ తన ప్రసంగంలో చెప్పారు. రాజుగారూ సెయింట్ గారూ ఒకే వరుణ్ణి చూడడం ఎంత చక్కని ఏకాభిప్రాయం!

1455లో పెళ్లినాటికి ఆమెకు 12 ఏళ్లు, అతనికి దాదాపు పాతిక. చర్చి నియమం 12 చాలంది గానీ, కాపురానికి ఇంకొన్నాళ్లు ఆగడం మర్యాదస్తుల పద్ధతి. అయితే ఆ దేశంలో ‘కర్టసీ’, అంటే మర్యాద, అనే పేరుతోనే ఇంకో చట్టం ఉండేది: భార్యకు సజీవంగా బిడ్డ పుట్టి, నాలుగు గోడల మధ్య దాని ఏడుపు వినబడితే, ఆ తర్వాత భార్య పోయినా ఆమె భూముల ఆదాయం భర్తకు జీవితాంతం దక్కుతుంది. ఎడ్మండ్ ఆ రెండో మర్యాదనే పాటించాడు. ఆ ఏడుపు వినకముందే, 1456 నవంబరులో కార్మార్థెన్‌లో ప్లేగుతో పోయాడు. 1457 జనవరి 28న పెంబ్రోక్ కోటలో 13 ఏళ్ల వితంతువు కొడుకును కన్నది. ఆ తర్వాత మరో రెండు పెళ్లిళ్లు జరిగినా ఆమెకు ఇంకో బిడ్డ కలగలేదు.

ఆ కొడుకునూ తమరు వదల్లేదు. 1462లో వెయ్యి పౌండ్లకు విలియం హెర్బర్ట్ అతన్ని కొనుక్కుని, తన కూతురికి చేసుకోవాలని లెక్క వేసుకున్నాడు. ఆ కుర్రాడే 1485లో ఏడవ హెన్రీ రాజయ్యాడు. మరుసటి ఏడాదే తమరి సేవలు తల్లికి బహూకరించాడు: తండ్రి తల తెగిన బకింగ్‌హామ్ డ్యూక్ పిల్లవాడి సంరక్షణ మార్గరెట్ పరమైంది. తమరి చేతిలో నలిగిన మనిషినే ఖాతాదారుగా మార్చుకున్న తెలివికి నేను తలవంచుతున్నాను. కాకపోతే 1498లో మనవరాలిని స్కాట్లండు రాజుకు ఇచ్చే మాట వచ్చినప్పుడు, అతను ఆగడనీ, పసిదాని ఒంటికి హాని జరుగుతుందనీ కోడలితో కలిసి అడ్డుపడింది ఈ మార్గరెట్టే. ఆ భయం ఎక్కడిదో తమరికి తెలియనిది కాదు.

1540లో ఆమె మనవడు ఎనిమిదవ హెన్రీ తమరికి ఏకంగా ఒక కోర్టే పెట్టించాడు. 1660లో పార్లమెంటు తమరిని చట్టప్రకారం సాగనంపి, రాజుకు ఆదాయం పోకుండా బీరు మీద సుంకం రాసిచ్చింది.

ఇట్లు,
ఒక ఆడపిల్ల తండ్రి