కెమెరాలు చెరువు గట్ల మీదకు రావాలి

కోరింగ అభయారణ్యంలో బావురు పిల్లులు (చేపలు పట్టి తినే అడవి పిల్లులు, ఇంగ్లిష్‌లో ఫిషింగ్ క్యాట్) ఎన్ని ఉన్నాయని అడిగితే ఇప్పటికీ 115 అనే చెబుతారు. 2018లో అటవీశాఖ కెమెరా ట్రాప్‌లు, అంటే జంతువు ఎదురుగా వస్తే వాటంతట అవే ఫొటో తీసే కెమెరాలు, పెట్టి తేల్చిన లెక్క అది. కాకినాడ పక్కనే, 235 చదరపు కిలోమీటర్ల మడ అడవిలో అన్ని ఉన్నాయని తెలియడం చిన్న విషయం కాదు. పోటు వచ్చేలోపు పని ముగించుకుని పడవెక్కాల్సిన చోట, బురదలో దిగబడుతూ కెమెరాలు కట్టినవాళ్ల కష్టాన్ని నేనేమీ తక్కువ చేయడం లేదు. కానీ ఇన్నేళ్లుగా వార్త ఏదొచ్చినా అందులో అదే 115 కనిపిస్తుంటే మాత్రం నాకు టెన్షన్‌గానే ఉంటుంది. ఒక్కసారి కట్టిన లెక్కతో జంతువు ఉందని తెలుస్తుంది. పెరుగుతోందా తరుగుతోందా అన్నది తెలియాలంటే అదే చోట, అదే కాలంలో, అదే పద్ధతిలో మళ్లీ మళ్లీ లెక్కపెట్టాలి. భారత వన్యప్రాణి సంస్థ కోరింగలో ఈ పిల్లులకు రేడియో కాలర్లు (ఎటు తిరుగుతున్నాయో తెలిపే మెడ పట్టీలు) వేసే పని పెట్టుకుంది, అది మంచి మాటే. దాని ఫలితాలు వచ్చేదాకా మన చేతిలో ఉన్నది మాత్రం పాత సంఖ్యే.

అసలు మన దేశంలో చిన్న పిల్లుల గురించిన సమాచారం ఎక్కువగా ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. పులుల లెక్క నుంచి. 2018 పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు, దాదాపు 3 కోట్ల 48 లక్షల ఫొటోలు పడ్డాయి, గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. వాటిలో పులుల ఫొటోలు 76,651, చిరుతలవి 51,777. మిగతా కుప్పలో జింకలు, పశువులు, మనుషులు, గాలికి ఊగిన ఆకులు, వాటి మధ్య ఎక్కడో మన చిన్న పిల్లులు. భారత్‌లో చిన్న జాతి అడవి పిల్లులు పది రకాలున్నాయి. వాటిలో చాలావాటి గురించి మనకు తెలిసింది ఇలా పులి కోసం వెతుకుతుంటే దొరికిన సమాచారమే.

పులి కోసం కెమెరా ఎలా కడతారు? రెండు చదరపు కిలోమీటర్లకు ఒక చోటు చొప్పున, పులి నడిచే అడవి బాట పక్కన, ఇంచుమించు మోకాలి ఎత్తులో. నల్లమలలో తిరిగే రస్టీ స్పాటెడ్ క్యాట్‌ను ఊహించుకోండి. కిలో, కిలోన్నర బరువు, మన ఇంటి పిల్లి కంటే చిన్నది. మోకాలి ఎత్తులో కట్టిన కెమెరా దగ్గరగా వెళ్తే సెన్సర్‌కు అందకుండా కిందుగానే దాటిపోతుంది. అది తిరిగే జాగా కూడా పులి జాగాలో చిన్న ముక్క, కాబట్టి రెండు కెమెరాల మధ్య ఉన్న ఎడంలోనే దాని బతుకంతా గడిచిపోవచ్చు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఈ పిల్లి ఉందని రికార్డయింది, కానీ ఎన్ని ఉన్నాయన్న ప్రశ్నకు పులి కెమెరాలు జవాబు చెప్పలేవు. పెద్ద కళ్ల వల వేసి, చిన్న చేపలు పడలేదు కాబట్టి ఏట్లో చిన్న చేపలే లేవు అనడం లాంటిదే ఇది. ఫొటోలు తక్కువ పడితే జంతువులు తక్కువ ఉన్నాయనే కాదు, మన కెమెరా వాటిని పట్టుకోలేకపోయిందని కూడా అర్థం కావచ్చు. ఈ రెండిటికీ తేడా తేల్చకుండా సంఖ్య బయటపెడితే ఎవరికీ ఉపయోగం లేదు.

ఇంకో చిక్కు గుర్తుపట్టడంలో ఉంది. కర్ణాటకలోని నాగరహొళె అడవిలో పులుల శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ 1990లలో పులులను చారల తేడాతో ఒక్కొక్కదాన్నీ విడిగా గుర్తుపట్టి, ఒకసారి దొరికింది మళ్లీ ఎన్నిసార్లు దొరికిందో చూసి మొత్తం సంఖ్యను అంచనా వేసే పద్ధతిని గట్టిగా నిలబెట్టారు. బావురు పిల్లికి ఒంటి మీద మచ్చల వరసలున్నాయి కాబట్టి అదే పద్ధతి దీనికీ పనికొస్తుంది. పనికొస్తుంది కానీ సులువు కాదు. ఎడమ పక్క మచ్చలకూ కుడి పక్క మచ్చలకూ పొంతన ఉండదు, అందుకే ఎదురెదురుగా రెండు కెమెరాలు పెట్టాలి. ఒక కెమెరా చెడిపోయి ఒక్క పక్కే దొరికితే ఆ పిల్లి, ఈ పిల్లి ఒకటేనా కాదా అన్నది తేలదు. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో పడిన ఫొటో తెరిచి చూస్తే తెలుస్తుంది కష్టం: బురద అంటిన కాళ్లు, కదలికలో చెదిరిపోయిన మచ్చలు, ఫ్రేములో సగం ఒళ్లు, ఒక తోక. దానిని పక్క ఫొటోతో పోల్చి భుజం మీద మూడో వరసలో మచ్చ విడిగా ఉందా, కలిసిపోయిందా అని ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా చూసి ఒక మాట మీదకు రావాలి. తెల్ల ఫ్లాష్ వాడితే మచ్చలు బాగా పడతాయి, కాకపోతే జంతువు బెదురుతుంది, ఇక్కడ కెమెరా ఉందని దొంగకూ తెలిసిపోతుంది.

జంగపిల్లి (జంగిల్ క్యాట్) సంగతి ఇంకా కష్టం. ఒంటి మీద చెప్పుకోదగ్గ మచ్చలు ఉండవు, ఒకదానికీ ఇంకోదానికీ తేడా పట్టలేం. దానికి వేరే లెక్కలున్నాయి. జంతువు రోజుకు ఎంత దూరం నడుస్తుంది, కెమెరా ఎంత దూరం దాకా, ఎంత కోణంలో చూడగలదు అన్నవి కొలిచి సాంద్రతను, అంటే చదరపు కిలోమీటరుకు ఎన్ని ఉన్నాయన్నది, అంచనా వేస్తారు. అవి కొలవకుండా ఫలానా జిల్లాలో ఇన్ని జంగపిల్లులు అని ఎవరైనా చెబితే ఎలా తేల్చారని అడగాల్సిందే.

ఇక నా అసలు బాధ. బావురు పిల్లి అభయారణ్యం సరిహద్దు రాయి చూసి ఆగదు. దానికి కావాల్సింది నీళ్లు, చేపలు, దాక్కోడానికి తుంగ, జమ్ము, మడ చెట్లు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఇవన్నీ అభయారణ్యం బయట కూడా ఉన్నాయి. ఉప్పుటేళ్ల వెంట, మురుగు కాలువల వెంట, రొయ్యల చెరువుల గట్ల మీద. ప్రమాదం కూడా అక్కడే ఉంది: ఉచ్చులు, కుక్కలు, రాత్రిపూట రోడ్డు దాటుతుంటే వచ్చే లారీలు, చేపలు తినేస్తోందని కోపం తెచ్చుకునే కాపలాదారులు. కెమెరాలన్నీ అభయారణ్యం లోపల కట్టి, లోపల బాగానే ఉన్నాయని సంతోషపడితే, బయట ఏం జరుగుతోందో మనకు ఎవరు చెబుతారు?

బయట లెక్కపెట్టడం కుదరదా అంటే, పక్క రాష్ట్రం చేసి చూపించింది. ఒడిశాలో చిలికా అభివృద్ధి సంస్థ, ది ఫిషింగ్ క్యాట్ ప్రాజెక్ట్ కలిసి 2021, 2022లో సరస్సు చుట్టూ 150 కెమెరాలు వాడి రెండు విడతల్లో పని చేశాయి. 176 బావురు పిల్లులున్నాయని అంచనా వేశాయి. రక్షిత ప్రాంతాల వ్యవస్థకు బయట ఈ జంతువు సంఖ్యను ఇలా అంచనా వేయడం ప్రపంచంలోనే మొదటిసారి. నాకు సంఖ్య కంటే ఎక్కువ నచ్చింది ఇంకొకటి. ఆ పనిలో చిలికా మత్స్యకారులను, పల్లె జనాన్ని భాగం చేశారు. పిల్లి ఏ గట్టు మీద నడుస్తుందో రాత్రంతా నీళ్ల మీద ఉండేవాడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? మన నల్లమలలో చెంచులు పులుల కోసం ఇలాంటి పని ఎప్పటి నుంచో చేస్తూనే ఉన్నారు కదా.

గోదావరి జిల్లాల్లో ఈ పని మొదలుపెడితే మొదట అడ్డొచ్చేది రైతు భయం. చెరువు గట్టున అటవీశాఖ కెమెరా అనగానే, రేపు చెరువు లైసెన్సు అడుగుతారేమో, తీర ప్రాంత నిబంధనల పేరుతో నోటీసు ఇస్తారేమో అనుకుంటాడు. ఆ భయంలో న్యాయం ఉంది. కాబట్టి ముందే రాతపూర్వకంగా ఒప్పందం ఉండాలి: ఈ ఫొటోలు పిల్లుల లెక్కకు తప్ప ఇంక దేనికీ వాడం, మనుషుల ఫొటోలు పడితే కెమెరాలోంచి మెమరీ కార్డు తీసిన రోజే చెరిపేస్తాం అని. ఇది అతి జాగ్రత్త కాదు. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్‌లో అడవికి వెళ్లిన ఒక మహిళ ఫొటో కెమెరా ట్రాప్‌లో పడి, స్థానికుల ఫోన్లలో తిరిగింది, జనం కోపంతో కెమెరాలు పగలగొట్టారు. జంతువుల కోసం పెట్టిన కెమెరాలు అక్కడి ఆడవాళ్లను ఎలా ఇబ్బంది పెట్టాయో 2024లో వచ్చిన ఒక కేంబ్రిడ్జి పరిశోధన వివరంగా రాసింది. పీతలు పట్టడానికి, పుల్లలు ఏరడానికి మడ అడవిలోకి వెళ్లే ఆడవాళ్లు మన దగ్గరా ఉన్నారు. కెమెరా ఎక్కడ పెట్టారో ఊళ్లో ముందే చెప్పాలి, దాన్ని గట్టు మీదకే వంచి పెట్టాలి.

సాంకేతికంగా డెల్టాకు తగ్గట్టు చేయాల్సినవీ ఉన్నాయి. మామూలు కెమెరా ట్రాప్ సెన్సర్ ఒంటి వేడికీ చుట్టుపక్కల వేడికీ ఉన్న తేడాను బట్టి పనిచేస్తుంది. వైశాఖ మాసపు ఎండకు కాలిన గట్టు చీకటి పడ్డాక కూడా వేడిగానే ఉంటుంది, అప్పుడా తేడా తగ్గిపోతుంది. పైగా నీళ్లలోంచి అప్పుడే పైకొచ్చిన పిల్లి ఒంటి పైభాగం చల్లగా ఉంటుంది. అందుకే చలికాలంలో పని పెట్టుకోవడం మేలు. కెమెరాను పోటు మట్టానికి పైన కట్టాలి, కానీ పిల్లి నడుము ఎత్తు దాటకూడదు. ఈ రెండూ ఒకే చోట కుదరాలంటే అక్కడి ఆటుపోట్లు తెలిసిన మనిషే చోటు చూపించాలి.

చివరిగా అటవీశాఖను అడగాలనుకునేది ఒకటుంది. ఈసారి సంఖ్య ప్రకటించినప్పుడు దాంతోపాటు ఎన్ని కెమెరాలు, ఎన్ని రాత్రులు, ఎంత విస్తీర్ణంలో, ఏ నెలలో పెట్టారు, విడివిడిగా గుర్తుపట్టినవి ఎన్ని, అంచనా వేసినవి ఎన్ని, అంచనాలో హెచ్చుతగ్గులు ఎంత అన్నవి కూడా ప్రకటించండి. 115 పక్కన ఈ వివరాలన్నీ అందరికీ అందుబాటులో ఉంటే, వచ్చే లెక్కలో 90 వచ్చినా 140 వచ్చినా అది పిల్లుల్లో వచ్చిన మార్పా, కెమెరాలు పెట్టిన తీరులో వచ్చిన మార్పా అని బయటివాళ్లు కూడా తేల్చుకోగలుగుతారు. ఆ నివేదికలో రొయ్యల చెరువులు ఉన్న గ్రామాలకు విడిగా ఒక వరస కేటాయించండి, అక్కడ ఎన్ని ఫొటోలు పడ్డాయో, ఎన్ని చచ్చిన పిల్లులు దొరికాయో రెండూ పక్కపక్కన రాయండి.