బకిల్ లేని లైఫ్ జాకెట్టు గారికి

మహారాజశ్రీ నారింజ రంగు లైఫ్ జాకెట్టు గారికి తిరుపతి నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా జలుబుతో క్షేమం. మీరు కూడా పులికాట్ గట్టున అదే మేకుకు వేలాడుతూ, ఆరకుండా క్షేమమని తలుస్తాను.

కపిలతీర్థం ధార కింద తల పెట్టడమే జలక్రీడ అనుకునే మావాళ్లను కారెక్కించి, సూళ్లూరుపేట దాకా తెచ్చిన పాపం నాది. చిలికా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదేనని దారంతా ఉపన్యాసమిచ్చిన పాపమూ నాదే. కార్తీకమాసం, ఈశాన్యం గాలి, బంగాళాఖాతంలో అల్పపీడనమని టీవీ రెండ్రోజులుగా మొత్తుకుంటానే ఉంది. "గాలుంటేనే గదా సార్ తెరచాప మజా" అన్నాడు పడవాయన. గంటలో దించుతానన్నాడు, నాలుగు గంటలైంది. పడవ బురదలో కూర్చుంటే మా బావమరిది, నేను దిగి తోసినాం. అత్త చేసిన పులిహోర చేపలకు నైవేద్యమైంది. ఇరకం దీవి అంత దూరాన కూడా కనబడలేదు. పోనీండి.

మిమ్మల్ని మాత్రం వదల్లేను.

మా చిన్నదానికి ఆరేళ్లు. పిల్లల సైజు లేదని మిమ్మల్నే తొడిగినారు. మోకాళ్ల దాకా వచ్చినారు. మీ బకిల్ ఒక సగం ఉంది, రెండో సగం బదులు పురికొస. విజిల్ ఊదితే చప్పుడు రాలేదు, ఇసుక వచ్చింది. "చేతులెత్తమ్మా, ఫోటో" అన్నాను. ఎత్తింది. మీరు చెవులు దాటి పైకి పోయినారు, పిల్ల మొహం లోపలికి పోయింది. మేమంతా నవ్వినాం. నవ్వినామండీ!

గాలి మళ్లి పడవ పక్కకు ఒరిగినప్పుడు ఆ ఫోటో గుర్తొచ్చింది. ఫ్లెమింగోలు నిలబడి మేసే సరస్సే, సగటున మీటరు లోతే, కాదన్లేదు. "నడుందాకే సార్ నీళ్లు, గమ్మునుండండి" అన్నాడు పడవాయన. ఎవరి నడుమప్పా? నా నడుమంటే నా బిడ్డకు మెడ. అలొస్తే ముక్కు. పడిపోయుంటే నువ్వు బ్రహ్మాండంగా తేలుండేదానివి, నీ కింద నుంచి అది జారిపోయుండేది. ఉత్తగా తేలడానికి ఎండు కొబ్బరికాయ చాలదా, నువ్వెందుకు? మనిషిని పట్టుకోవడం నీ పని. ఆ పట్టంతా అరచేతిలో సగం లేని ప్లాస్టిక్ ముక్కలో ఉంది. తలకింతని టిక్కెట్టు డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టుకున్నోళ్లకు ఆ ముక్క కొనడానికి మాత్రం చేతులు రాలేదు. గట్టు చేరేదాకా నీ పురికొస నా పిడికిట్లోనే ఉంది. వేలి మీద గీత ఇంకా పోలేదు.

దిగినాక నిన్ను తడిగానే పిల్ల మీద నుంచి లాగి, వరసలో ఉన్న ఇంకో పాపకు తొడిగినారు. "సైజు చూడండి" అని అరిచినాను. వాళ్ల నాయన నా వైపు చూసి నవ్వి, ఫోన్ ఎత్తినాడు.

ఆ పాప చేతులెత్తింది.